చేతికి కట్టని తాడు

బండి చప్పుడు తగ్గింది గాని ఆగలేదు, అందుకే నేను టికెట్ల కుర్చీలోంచి లేవలేదు. జెట్ స్కీని మేం బండి అనే అంటాం, ఋషికొండ ఇసకలో దానికి వేరే పేరు లేదు. ఆ బండి మీద నా కూతురు ఈశ్వరి ఉంది, దాని వెనక ఎలమంచిలి నుంచి వచ్చిన దేవీప్రసాద్ అనే ఆయన ఉన్నాడు, పది నిమిషాల రైడు, వెళ్ళి ఎనిమిది నిమిషాలైంది. అంతవరకూ గీపెట్టిన చప్పుడు ఒక్కసారిగా దిగిపోయి, పొయ్యి మీద ఎసరు కాగినట్టు సన్నగా నడుస్తోంది. గాలి ఇటు కొట్టినప్పుడు వినిపిస్తోంది, కెరటం విరిగితే పోతోంది, మళ్ళీ వినిపిస్తోంది. ఆగలేదు కదా అనుకున్నాను. సముద్రం మీద ఇంజను నడుస్తున్నంతసేపూ మనిషికేమీ కాదు. పాతికేళ్ళు ఫిషింగ్ హార్బర్లో బోటు నడిపినవాడి బుద్ధి ఇది, నిద్రలో కూడా ఇంతే. తలెత్తి మాత్రం చూశాను. అదీ అలవాటే. చప్పుడు మారిన చోటుకి రెండు గుర్తులు కలుపుకోవాలి, అవసరం ఉన్నా లేకపోయినా. ఇసకలో పాతిన మా జెండా కర్ర, దాని వెనక దూరంగా పోర్టు పిలుపు కోసం లంగరేసుకున్న ఓడల్లో మూడోదాని ముక్కు. ఆ రెండూ ఒకే గీతలో ఉన్నాయి, చప్పుడు ఆ గీత మీద దిగిపోయింది. ఫోన్లో నాలుగూ ఇరవై.

దేవీప్రసాద్ భార్య నా కుర్చీ పక్కనే నిలబడి ఉంది. పేరు కుసుమకుమారి. ఒక చేతిలో మొగుడి చెప్పులు, ఇంకో చేతిలో ఆయన కళ్ళజోడు, మోచేతికి తగిలించుకున్న సంచీలో ఆయన ఫోను. పెళ్ళయి పన్నెండేళ్ళట, ఎరువుల కొట్టు వదిలి ఎక్కడికీ వెళ్ళలేదట, పిల్లల్ని అత్తగారి దగ్గర ఉంచి మూడు రోజులకి బీచి ఎదురుగా రూము తీసుకున్నారట. ఇవన్నీ నేను అడక్కుండానే చెప్పింది. మనిషికి సంతోషం వస్తే పక్కవాడు ఎవడైనా చుట్టమే. ఆయనకి ఈత రాదని కూడా చెప్పింది, లైఫ్ జాకెట్ ఉంది కదమ్మా అన్నాను. ఆడపిల్ల అయితే నెమ్మదిగా నడుపుతుందని ఆయన రెండో బండి నడిపే వాసుని వదిలేసి ఈశ్వరి బండి ఎక్కాడు. నాకు లోపల నవ్వొచ్చింది. నా కూతురు నెమ్మదిగా నడపడం నేనింతవరకూ చూడలేదు, అన్నం కూడా నెమ్మదిగా తినదు.

నాలుగూ ముప్పై. రావాలి. ఆయన ఇంకొంచెం లోపలికి అని ఉంటాడు, అందరూ అంటారు, ఒడ్డున వణికినవాళ్ళే నీళ్ళలో హద్దుకి తేలే బోయాలు దాటగానే ఇంకొంచెం అంటారు. ఈశ్వరి తిప్పుకొస్తుంది. ఆ చప్పుడు మాత్రం ఎందుకలా ఉంది. ఎక్కడం లేదు, దిగడం లేదు. మనిషి చెయ్యి మీద ఉంటే ఇంజను ఒక్క తీరుగా ఉండదు, చెయ్యి అన్నాక పట్టు మారుతుంది, కెరటం వస్తే వదులుతుంది, దాటాక నొక్కుతుంది. ఇది ఎవరూ ముట్టుకోనట్టుగా నడుస్తోంది. ఆ మాట మనసులోకి వచ్చిన వెంటనే దాని వెనక తాడు వచ్చింది. ఎర్ర తాడు, పాత టెలిఫోన్ తీగలా చుట్టలు చుట్టలుగా ఉంటుంది. ఒక కొస బండి హేండిలు మీద ఇంజను ఆపే బటన్ కింద క్లిప్పుతో పడుతుంది, ఇంకో కొస నడిపేవాళ్ళ చేతికి. మనిషి పడితే తాడు లాగుతుంది, క్లిప్పు ఊడుతుంది, ఇంజను ఆగుతుంది, బండి పక్కనే తేలుతూ ఉంటుంది, పట్టుకుని ఎక్కొచ్చు. ఈశ్వరి పనిలో చేరిన మొదటి వారమే నాకిది విడమరిచి చెప్పింది. చేతికి తాడు లేని బండి మనిషి పడినా ఆగదు, నొక్కకపోయినా మనిషి నడిచే వేగంతో ముందుకి పోతూనే ఉంటుంది, ఈదేవాడికి అందదు. విన్నాను. బుర్ర ఊపాను.

మా జాలారిపేటలో ప్రతి ఫైబర్ తెప్ప ఇంజనుకీ ఆ తాడు వస్తుంది, కొత్త ఇంజను పెట్టెలోనే ఉంటుంది, ఏ ఒక్కడూ చేతికి కట్టుకోడు. వల లాగడానికి ముందుకి పోవాలి, చుక్కాని కోసం వెనక్కి రావాలి, చేతికి తాడుంటే పని సాగదు, మధ్యలో క్లిప్పు ఊడి ఇంజను ఆగితే కొంప మునుగుతుంది. అందుకని కొన్న రోజునే వల దారంతో క్లిప్పుని బటన్ కింద బిగించి కట్టేస్తాం, రెండో కొసని ఇంజనుకే చుట్టేస్తాం. ఇంజను ఆగకుండా చూసుకోవడం మాకు దేవుడికి దణ్ణం పెట్టుకోవడం లాంటిది. ఇవాళ మధ్యాహ్నం ఈశ్వరి బండి క్లిప్పు వదులై రెండుసార్లు ఊడింది. రెండోసారి కెరటాలు విరిగే చోటే ఆగిపోయింది, బండి అడ్డం తిరిగింది, వెనక కూర్చున్న ఆడమనిషి కేక పెట్టింది, నేను ఒడ్డునుంచి నీళ్ళలోకి పరుగెత్తాను. కొత్త క్లిప్పు వచ్చేదాకా ఆ బండి నడపనంది ఈశ్వరి. రేపు తెప్పిస్తానన్నారు గురునాథరావు గారు, మా యజమాని. ఈశ్వరి అన్నం తింటుంటే నేను చిల్లర డబ్బాలోంచి వల దారం తీశాను. నాలుగు చుట్లు, రెండు ముళ్ళు. రెండో కొసని హేండిలుకి తిప్పి వేశాను. పాతికేళ్ళ చెయ్యి, ముడి పడిందంటే కత్తితో కొయ్యాల్సిందే.

క్లిప్పు బాగయిందని నేను పిలిస్తే వచ్చింది, బండి ఎక్కేటప్పుడు ఎడం చెయ్యి చాపింది, తాడు కోసం. హేండిలుకి ఉన్న తాడు చూసింది, దారం చూసింది, నన్ను చూసింది.

"ఏటి సేసేవ్ నాన్నా?"

"ఊడకుండా సేసేను. ఒక్క రైడుకేటవద్ది, అంతా సూసుకున్నాను, ఎల్లు."

వెనక దేవీప్రసాద్ ఎక్కి కూర్చున్నాడు, జాకెట్ మెడ దాకా లాక్కున్నాడు, ఒడ్డునుంచి ఆయన భార్య చెయ్యి ఊపుతోంది. ఈశ్వరి ఒక్క క్షణం ఆగింది. ఎదురు చెప్పే పిల్లే, ఇంట్లో ఎవరికీ తలొంచదు, మరి ఆ ఒక్క క్షణం నా మాట ఎందుకు విన్నావే. సముద్రం సంగతి నాన్నకి తెలుసు అనుకుంది. అంతే. ఇంకేం కారణం లేదు.

నాలుగూ ముప్పై అయిదు. కుసుమకుమారి వంగి నా మొహంలోకి చూసింది. ఇంకా రాలేదేమిటని అడిగింది. ఫొటోలు తీసుకుంటున్నారేమో అన్నాను.

"పోను నా కాడే ఉంది బాబాయ్."

సంచీ కొంచెం ఎత్తి చూపించింది కూడా. నేను నీళ్ళ వైపు చూశాను. చప్పుడు ఇప్పుడు వినిపించడం లేదు. దూరం పోయిందో, ఆగిందో. ఆగి ఉంటే బాగుండును అనుకున్నాను, నా జన్మలో మొదటిసారి ఒక ఇంజను ఆగాలని అనుకున్నాను. అప్పలరాజు బావ గుర్తొచ్చాడు. మా అక్క మొగుడు, నా బోటులోనే కళాసీ. పదహారేళ్ళ కిందట అల్పపీడనం పట్టిన రోజు, యారాడ కొండ కళ్ళకి కనిపించే దూరంలోనే ఇంజను ఆగింది, డీజిల్లో నీళ్ళు కలిశాయి. నేను కింద ఇంజను దగ్గర బోల్టులు విప్పుతున్నాను, బావ పైనుంచి, ఏటి సేత్తన్నావ్‌రా, తొరగా, తొరగా అంటున్నాడు. ఇంజను లేని బోటు కెరటానికి అడ్డం తిరుగుతుంది, ఎవడాపినా ఆగదు. మొదటి కెరటానికి వలలు పోయాయి, రెండోదానికి డబ్బాలు, మూడోది దిగాక పైనుంచి తొరగా అనే మాట వినపడలేదు. ఇంజను అందుకున్నాక పైకొచ్చాను, నడుస్తోంది, ఎంత చక్కగా నడుస్తోందో, బావ లేడు. అయిదు నిమిషాలు ముందు అందుకుని ఉంటే. ఆ అయిదు నిమిషాల కోసమే కదా ఇవాళ దారం కట్టాను. నీకేమీ కాకూడదనే కట్టానే తల్లీ. ఈ మాట ఎవరికి చెప్తే ఎవరు వింటారు.

మా అమ్మ అసిరమ్మ వింటుంది, విని వేరే మాట అంటుంది. మా పేటలో ఆడవాళ్ళు చేపలమ్ముతారు, వల బాగుచేస్తారు, తెప్ప మాత్రం ఎక్కరు. తీరాన ఉన్న తెప్పని దాటాల్సి వచ్చినా చుట్టూ తిరిగి పోతుంది మా అమ్మ. ఈశ్వరి ఈ పనిలో చేరిన రోజు గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. తెప్ప కాదే అమ్మా, సైకిల్ లాంటిది, నీళ్ళ మీద సైకిల్ అని నేను నవ్వించబోయాను, నవ్వలేదు. ఆడ టూరిస్టులు ఆడపిల్ల నడిపితేనే ఎక్కుతామంటున్నారని గురునాథరావు గారు స్వయంగా అడిగారు, డిగ్రీ రెండో ఏడు చదువుతూ సెలవుల్లో చేసుకుంటానంది, నేను ఒప్పుకున్నాను, ఒప్పుకోవడమేమిటి, ఛాతీ విరుచుకున్నాను. పేటలో నాతో మాట్లాడటం మానేసినవాళ్ళు ఇద్దరున్నారు, పోతే పోనీ అనుకున్నాను. ఇవాళ ఏదైనా అయితే వాళ్ళంతా ఒకే మాట అంటారు. ఆడది ఎక్కింది, అందుకే అంటారు. దారం సంగతి ఎవరూ అనరు. దారం సంగతి ఎవరికీ తెలియదు.

నాలుగూ నలభై అయిదుకి టవర్ మీద కూర్చున్న లైఫ్ గార్డు కేకేశాడు. దుర్భిణి పెట్టి ఉత్తరం వైపు చూస్తున్నాడు. బండి ఉందట, భీమిలి వైపు, చాలా దూరంలో, మీద ఎవరూ లేరట. కుసుమకుమారి ఆ మాట విన్నది. చెప్పులు రెండూ గుండెకి అదుముకుంది, ఏడవలేదు. గురునాథరావు గారు గుడారంలోంచి పరుగున వచ్చారు, వాసు అప్పుడే కస్టమర్లని దింపి బండి ఒడ్డుకి లాగుతున్నాడు. వాసు మా పక్క వీధి పిల్లాడే, నన్ను మామా అంటాడు. గురునాథరావు గారు గబగబా చెప్పేశారు. పడిపోయి ఉంటారు, పడిపోతే బండి ఆగిపోతుంది, బండి పక్కనే ఉంటారు, ఎక్కలేక పట్టుకుని వేలాడుతుంటారు, నువ్వు తిన్నగా ఆ బండి దగ్గరకి పో. మెరైన్ పోలీసులకి ఫోన్ చేశారు, హార్బర్ నుంచి బోటు రావడానికి ముప్పావుగంట పడుతుందన్నారు. అంతా సరిగ్గా చెప్పారు, తాడు చేతికి ఉన్న బండికి ఆయన చెప్పిందంతా సరైనదే.

నేను నోరు తెరిచాను. తెరిచానని నాకు గుర్తుంది. వాసు జాకెట్ బిగించుకుంటూ నా వైపు చూశాడు, మామా ఏటి అన్నట్టు. నా నాలుక కదల్లేదు. కాదు, నాలుక బాగానే ఉంది, నేనే కదపలేదు. బండి ఉన్నచోట వాళ్ళు లేరు. ఈ నెలల్లో నీరు ఉత్తరం నుంచి దక్షిణానికి లాగుతుంది, బండి తన ఇంజనుతో ఉత్తరానికి పోయింది, మనుషులు నీటితో దక్షిణానికి పోతున్నారు, ఒకరికొకరు దూరమవుతున్నారు. ఈ లెక్క నా బుర్రలో అప్పటికే అయిపోయింది, పాతికేళ్ళ బుర్ర ఊరుకోదు. అది చెప్పాలంటే బండి ఎందుకు ఆగలేదో చెప్పాలి. వాసు బండి స్టార్ట్ చేశాడు. ఉత్తరానికి వెళ్ళిపోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను. నాలుగూ నలభై ఏడు.

ఏమో, వాసు వెళ్ళేసరికి అక్కడే ఉంటారేమో. ఈశ్వరి గట్టిది, బండి వదిలి ఉండదు, వెనకవైపు మెట్టు పట్టుకుని ఉంటుంది, లైఫ్ గార్డుకి దూరం వల్ల కనిపించి ఉండదు. ఇలా అనుకోవడం ఎంత తేలిక. ఒకటికి నాలుగుసార్లు అనుకున్నాను. దాని వెనకాలే ఇంకో ఆలోచన పాములా వచ్చింది. పోలిక బాగాలేదు గాని అలాగే వచ్చింది. వాసు ఆ బండి పట్టుకొస్తాడు, హేండిలుకి తాడు చూస్తాడు, దారం చూస్తాడు, ఈశ్వరే కట్టుకుంది అనుకుంటాడు. నడిపేది అదే కదా. ఒక్క సెకను, కొట్టేవాడుంటే చెంప పగలగొట్టాల్సిన ఒక్క సెకను, నాకు ఊపిరి తేలికైంది. కూతురు నీళ్ళలో ఉంది, నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఛీ. ఆ తరవాత కూడా నోరు విప్పలేదు. చెప్తాను, ఈ కెరటం విరిగాక చెప్తాను. ఇంకో కెరటం. డిసెంబరు పొద్దు, అయిదున్నరకే సూర్యుడు మా వెనక కొండల్లోకి దిగిపోతాడు. కొండ నీడ అప్పటికే రోడ్డు దాటి ఇసకలోకి వచ్చింది, నా కుర్చీ దాటింది, నీటి అంచుకి చేరింది. ఎండకి వెలిసిపోయిన జాకెట్లు నీడ పడ్డ నీళ్ళలో ఎవరికి కనిపిస్తాయి. ఈత రానివాడు భయంతో పక్కవాళ్ళ భుజాలెక్కుతాడు, ముంచి తను తేలాలని చూస్తాడు, అది ఆయన తప్పు కాదు, నీళ్ళు అలా చేయిస్తాయి. ఈశ్వరి బరువెంత. నలభై ఆరు కిలోలు. ఆయన డెబ్భై ఉంటాడు. జాకెట్ బకిళ్ళు మూడూ పెట్టుకుందా, కిందది ఎప్పుడూ వదిలేస్తుంది, తిట్టాలి, ఇంటికొచ్చాక గట్టిగా తిట్టాలి. ఇంటికొచ్చాక. వాళ్ళమ్మ సన్యాసమ్మ ఈపాటికి మార్కెట్లో గంప సర్దుకుంటూ ఉంటుంది, కూతురికని ఒక వంజరం ముక్క పక్కన పెట్టి ఉంటుంది, ఆకులో చుట్టి. ఆ ముక్క ఇంటికి వస్తుంది.

కుసుమకుమారి నా దగ్గరకి జరిగింది. కళ్ళజోడు పమిట చెంగుతో తుడుస్తోంది, ఉప్పు గాలికి మసకేసింది, తుడిచి చూసి మళ్ళీ తుడుస్తోంది. నన్ను ఓదారుస్తోందని కాసేపటికి గాని అర్థం కాలేదు. మొగుడు నీళ్ళలో ఉన్న మనిషి, కూతురు నీళ్ళలో ఉన్నవాడిని ఓదారుస్తోంది.

"మీ గుంట పక్కనుంది కదా. ఆయన్ని ఒగ్గెయ్యదులే బాబాయ్."

వదిలెయ్యదు. నిజమే, వదిలెయ్యదు. ఆయన్ని పట్టుకుని మునిగేదాకా వదిలెయ్యదు. ఆ మాట లోపల ఎక్కడ తగిలిందో, నా కాళ్ళు వాటంతటవే గురునాథరావు గారి వైపు నడిచాయి. నాలుగూ యాభై ఎనిమిది. పదకొండు నిమిషాలు. ఆ లెక్క నేను చచ్చేదాకా మరవను.

"సార్. తాడు ఈశ్వరి సేతికి నేదు. నానే దారంతో హేండిలుకి కట్టేసేను. ఆళ్ళు పడ్డకాడ బండి ఆగనేదు. ఆడ ఎతికితే దొరకరు, దక్షిణంగా ఎతకాలి."

ఆయనకి మొదట అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఎప్పుడు పడ్డారో నీకెలా తెలుసన్నారు. నాలుగూ ఇరవైకి చప్పుడు దిగిపోయిందన్నాను, జెండా కర్రా మూడో ఓడా అన్నాను. అప్పటినుంచీ తెలిసే కూర్చున్నావా అని ఆయన అడగలేదు, అడగబోయి ఆపుకున్నారు, ఆయన పక్కన కుసుమకుమారి ఉంది. ఆవిడ అంతా విన్నది. నా వైపు చూడలేదు. నీళ్ళ వైపు తిరిగిపోయింది. లైఫ్ గార్డు ఎర్ర జెండా పెరికి తలపైన తిప్పడం మొదలుపెట్టాడు, ఎర్ర జెండా తిప్పితే నీళ్ళ మీద ఉన్నవాడు వెనక్కి రావాలి. ఎంతసేపు తిప్పాడు. వాసు చూడ్డం లేదు, ఉత్తరానికే చూస్తున్నాడు, నా మాట వినలేని చోట నేను చెప్పని మాట కోసం వెతుకుతున్నాడు. చివరికి తిరిగాడు. వచ్చేసరికి అయిదూ ఏడు.

అక్కడ ఎవరూ లేరు మామా, బండి ఇంకా నడుస్తోంది అన్నాడు వాసు, ఒడ్డుకి రాకుండానే అరుస్తూ. నాకు తెలుసు అన్నాను. నడుములోతు నీళ్ళలోకి దిగి అతని బండి ముక్కు పట్టుకుని చెప్పాను. పొద్దున ఖాళీగా కూర్చుని ఒక కొబ్బరి డొక్కని చూశాను, బోయాల అవతల తేలుతూ మా జెండా ఎదురునుంచి దక్షిణాన ఉన్న నల్ల రాళ్ళ ఎదురుకి పోవడానికి అరగంట పట్టింది. వాళ్ళు పడి ముప్పావుగంట దాటింది. నల్ల రాళ్ళు దాటి ఇంకో సగం పైన.

"బోయాలకి రెండింతలు లోపలికెల్లు. ఆడినించి ఒడ్డు సూడు. నాను జెండా ఎత్తి నడుత్తాను. నా ఎదురుగానే ఉండు, నా కంటె ముందెల్లకు."

వాసు బండి ముక్కు లోపలికి తిప్పాడు. నేను లైఫ్ గార్డు చేతిలో జెండా లాక్కుని దక్షిణానికి పరుగెత్తాను. యాభై రెండేళ్ళ మోకాళ్ళు, తడి పంచ కాళ్ళకి చుట్టుకుంటోంది, ఐస్‌క్రీం బండ్లూ సెల్ఫీలూ దాటుకుంటూ, ఎవరో నవ్వారు, నవ్వనీ. నల్ల రాళ్ళ మీదుగా వెళ్తుంటే మడమ కోసుకుంది. రాళ్ళు దాటాక ఆగి, జెండా రెండు చేతులతో ఎత్తి, ఇంక పరుగు లేదు, నడక. నీరు ఎంత నడుస్తుందో అంత. వేటకెళ్ళినవాడికి ఒడ్డున కొండలు గుర్తు, కైలాసగిరి కొస యారాడ కొండ కొసకి తగిలితే ఫలానా చోటు, విడితే ఇంకో చోటు. ఈశ్వరికి ఎనిమిదేళ్ళప్పుడు డాబా మీద కూర్చోబెట్టి ఇవన్నీ నేర్పాను, ఆడపిల్లకెందుకురా అంది మా అమ్మ, ఊరికే అన్నాను, లెక్కలు నేర్పినట్టు. కొండలు ఎందుకు కదలవు నాన్నా అని అడిగింది. కదిలితే మనం ఇంటికి రాలేం కదే అన్నాను. ఇవాళ కొండలు పనికిరావు, వాసుకి ఆ లెక్కలు తెలియవు, అతనికి గుర్తు నేనే. తప్పు నడిచానంటే అతను తప్పు చోట వెతుకుతాడు. ఎక్కువ నడిచానా, తక్కువ నడిచానా. పొద్దుటికీ ఇప్పటికీ నీటి లాగుడు పెరిగి ఉంటుంది, కొంచెం పెరిగింది, పది అడుగులు కలుపు. గాలి ఒడ్డుకి తోస్తుంది, లోపలికి అంత దూరం ఉండరేమో, వాసూ కొంచెం ఇటు రా, ఇటు. చేతులు పట్టు తప్పుతున్నాయి. దించితే అతనికి గుర్తు పోతుంది. ఈశ్వరీ, ఇటు చూడు. నీకు కనిపిస్తే అర్థమవుతుంది, నీకు మాత్రమే అర్థమవుతుంది, జెండా నడుస్తోందంటే నీతోపాటే నడుస్తోందని. ఆయన్ని వదిలెయ్యవే అని నా నోటినుంచి వచ్చింది. ఎందుకన్నానో, దేవుడా, ఎవరికన్నానో. వదిలెయ్యి, ఈదుకుని రా. వద్దు, వదలకు. నాకు తెలియదు, నాకేమీ తెలియదు, నువ్వు రా.

వాసు బండి ఆగింది. చప్పుడు దిగింది. నీడలో బండి నల్లటి చుక్కలా ఉంది, పక్కకి వంగింది, మళ్ళీ నిలిచింది, ఇటూ అటూ ఊగింది. ఏదో లాగుతున్నాడు. ఒకరినా ఇద్దరినా. బరువైనది లాగుతున్నాడు. ఒకరే అయితే ఇంతసేపు పట్టదు. బరువైన ఒకరైతే పడుతుంది. చూపు మసకేసింది, చెమటో ఉప్పో, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. వెనకనుంచి గురునాథరావు గారూ కుసుమకుమారీ వస్తున్నారు, ఆవిడ చెప్పులు వదల్లేదు, ఇసకలో పడుతూ లేస్తూ వస్తోంది. బండి తిరిగింది. ముక్కు ఇటు. దగ్గరకొస్తోంది, చప్పుడు ఎక్కుతోంది దిగుతోంది ఎక్కుతోంది, చెయ్యి ఉన్న చప్పుడు. మీద ముగ్గురు. మొదట వాసు, మధ్యలో తల వాల్చిన పెద్ద మనిషి, వెనకనుంచి ఆయన్ని రెండు చేతులతో చుట్టి పట్టుకున్న సన్నటి చేతులు.

కుసుమకుమారి మొలలోతు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. దేవీప్రసాద్ దిగి రెండడుగులేసి మోకాళ్ళ మీద కూలబడి ఉప్పునీళ్ళు కక్కాడు, ఆవిడ ఆయన వీపు మీద కొడుతూ, తిడుతూ, కళ్ళజోడు తీసి ఆయన ముక్కు మీద పెట్టింది, అప్పుడు ఏడ్చింది. ఆయన భుజాల చొక్కా చిరిగి ఉంది. ఈశ్వరి మెడ నిండా గోళ్ళ గీతలు. పెదవులు తెల్లబడ్డాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి, జాకెట్ బకిళ్ళు మూడూ పెట్టి ఉన్నాయి. అది ఒడ్డుకి వచ్చి, నన్ను చూసి, నా పక్కనున్న గురునాథరావు గారిని చూసి, ఎవరూ ఏమీ అడక్కముందే చెప్పేసింది. దారిపొడుగునా కూడగట్టుకున్న మాటలా ఉంది.

"తప్పు నాదే సార్. తాడు సేతికి ఎట్టుకోడం మర్సిపోయాను. నాన్న ఎట్టుకోమని సెప్తానే ఉన్నాడు."

గురునాథరావు గారు ఇసక వైపు చూశారు. వాసు బండి తాళం తీస్తున్నట్టు వంగాడు. కుసుమకుమారి తడి మొహం ఎత్తి నా కూతురిని చూసింది, నన్ను చూసింది. ఈశ్వరి ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. నాకు దాని ముందు నిలబడే మొహం లేదు, అయినా నిలబడ్డాను.

"నాను సెప్పేసేనే," అన్నాను.

అది జాకెట్ బకిళ్ళు ఒక్కొక్కటే విప్పింది. తరవాత చిన్నగా, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"వాసు ముందు అటెల్లిపోయేడు. కెరటం ఎత్తినప్పుడల్లా సూసేను, అరిసేను. అప్పటికే సెప్పేవా?"

అవునంటే ఎవరూ కాదనరు. గురునాథరావు గారు కూడా కాదనరు, ఆ క్షణాన ఆయన మొహం చూస్తే నాకలాగే అనిపించింది. నా కూతురు నా కోసం ఒక అబద్ధం చెప్పి ఇంకా నిమిషం కాలేదు. మెడ మీద గీతల్లోంచి రక్తం ఉప్పునీటితో కలిసి జారుతోంది. అది కళ్ళు తిప్పకుండా చూస్తోంది.

"నేదు," అన్నాను.

అది తల ఊపింది, ఏడవలేదు, కోప్పడలేదు. చూపు నా మొహం మీదనుంచి పైకి పోయింది. అప్పుడు గాని నేను గమనించలేదు, నా చేతులు రెండూ ఇంకా పైనే ఉన్నాయి, జెండా గాలికి కొట్టుకుంటోంది. దగ్గరకి వచ్చి, చల్లటి వేళ్ళతో నా మణికట్టు పట్టుకుంది.

"ఇంక దించు నాన్నా," అంది.